నగర ట్రాఫిక్ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మొన్న హైదరాబాద్‌లో ఒక మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కొందరు కుర్రాళ్లు సైకిళ్లు పక్కన పెట్టి, "నడిచేవాళ్లకు దారివ్వండి" అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదికి రాలేదు. అయినా హారన్లు ఆగలేదు. ఒకాయనైతే కారు అద్దం దించి మరీ "పనీపాటా లేదా మీకు?" అని అరిచాడు. బస్సు కోసం చూస్తున్న ఆడవాళ్లు మాత్రం దగ్గరికొచ్చి అట్టలు చదివారు. "బస్సుల సంగతి కూడా రాయి బాబూ" అంది ఒకావిడ. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్, సంతోషమే. ముందు కాలు పెట్టడానికి ఫుట్‌బోర్డు మీద చోటు దొరకాలిగా!

అరిచినాయన మీద నాకు కోపం లేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్లే శత్రువులు. కానీ అదే ఫుట్‌పాత్ మీద వరసగా ఆపిన బైకులను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అవి అలవాటైపోయాయి, అట్టలు అలవాటు కాలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. బాగుంది. అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళ్లే పిల్లాడికి అది ఏం పనికొస్తుంది?

ముందు ఫుట్‌పాత్‌ల మీది బైకులు తీయించండి. ఇలా ఎవరైనా నిలబడినప్పుడు కాసేపు నిలబడనివ్వమని మీ సిబ్బందికి చెప్పండి.

ఇట్లు,
రోజూ బస్సెక్కే ఒక నగరవాసి