ముక్కు మీది పుండుకు రిజిస్టర్ లేదు

సంపాదకులకు నమస్కారం.

2020లో మాస్కు తీసిన నర్సుల మొహాలు ఫొటోలు తీసి ప్రపంచమంతా పంచుకున్నారు, గుర్తుండే ఉంటుంది. ముక్కు దూలం మీద ఎర్రటి గాటు, చెంపల మీద తాడు బిగించి కట్టినట్టు గీతలు, కళ్ల కింద వాపు. అందరూ దండాలు పెట్టారు, చప్పట్లు కొట్టారు. నాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆ ఫొటో చూసి, ఆ పుండుకు ఏం రాశారు, మర్నాడు డ్యూటీకి మళ్లీ అదే రకం మాస్కు దాని మీదే బిగించుకుందా అని అడిగినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. నేను ఐసీయూ నర్సుని, అంతకుముందు టీబీ వార్డులో చేశాను, ఎవరూ అడగని ఆ ప్రశ్న గురించే ఈ ఉత్తరం.

కోవిడ్ తగ్గింది కదా, ఇప్పుడెందుకీ గొడవ అంటారేమో. మొహానికి బిగుతుగా అతుక్కుని గాలిని వడకట్టే ఆ ఎన్95 మాస్కు మాకు కోవిడ్‌తో రాలేదు, కోవిడ్‌తో పోలేదు. టీబీ పేషెంట్ దగ్గరకు వెళ్లాలన్నా, ఊపిరి గొట్టం వేసేటప్పుడు డాక్టర్ పక్కన నిలబడాలన్నా అదే పెట్టుకోవాలి.

మొన్న మా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి నైట్ డ్యూటీ దిగి మాస్కు తీస్తే ముక్కు మీద తోలు కూడా దాంతోపాటే లేచొచ్చింది. అద్దంలో చూసుకుని ఏడుపు ఆపుకుంటూ "అక్కా, అందరికీ ఇలాగే అవుతుందా" అంది. అలవాటైపోతుందిలే అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నా సీనియర్లు నాతో అన్నది అదే, నేను ఎంతోమంది జూనియర్లతో అన్నదీ అదే. తోలుకు అలవాటవడమేమిటి? గంటల తరబడి ఒత్తుకుపోతే అక్కడ రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే తోలు చస్తుంది, దానికి మన సీనియారిటీతో పనిలేదు.

అసలు జరిగేదేంటంటే, పక్కల నుంచి గాలి దూరకుండా ఉండాలంటే ఈ మాస్కు మొహానికి అతుక్కుపోవాలి, ఆ బిగింపు ఎక్కువగా పడేది ముక్కు దూలం మీద, అక్కడ కండ లేదు, కొవ్వు లేదు, ఎముక మీద పల్చటి తోలు, అంతే. మాట్లాడినప్పుడల్లా మాస్కు కాస్త కదిలి ఒరుసుకుంటుంది. లోపల మన ఊపిరి తేమ, చెమట కలిసి తోలు నానిపోతుంది, బట్టలుతికాక వేళ్లు ముడతలు పడతాయి చూడండి, అలాగ. నానిన తోలు రాపిడికి ఆగదు. ఆ వేడికి, ఉక్కకు చెంపల మీద, గడ్డం మీద మొటిమలు లేస్తాయి, అంతకుముందే మొటిమలు ఉన్నవాళ్ల అవస్థ ఇక చెప్పక్కర్లేదు. చెవుల వెనక ఎలాస్టిక్ కోత వేరే.

ఇందులో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. బైప్యాప్, అంటే మొహానికి మాస్కు బిగించి ఊపిరికి గాలి తోసే మెషీన్, పెట్టిన పేషెంట్‌కి ఆ మాస్కు ఒత్తుకుని ముక్కు మీద పుండు పడుతుందని మాకందరికీ తెలుసు, అందుకని ముందే అక్కడ మెత్తటి డ్రెస్సింగ్ అంటిస్తాం, మధ్యమధ్యలో తీసి చూస్తాం. మంచం మీద కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతాం. అయినా పుండు పడిందంటే రిజిస్టర్‌లో రాయాలి, ఎక్కడ, ఎంత లోతు, ఎవరి డ్యూటీలో పడింది అని, సంజాయిషీ కూడా చెప్పుకోవాలి. అలాంటి పుండే, అదే కారణంతో, ఆ పేషెంట్‌ను తిప్పిన నర్సు ముక్కు మీద పడితే మాత్రం రాసే చోటు లేదు. ఫొటో తీస్తారు.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2003లో సార్స్ అనే, కోవిడ్ లాంటి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి వెళ్లాక సింగపూర్‌లో ఆసుపత్రి సిబ్బందిని అడిగి చూశారు, ఎన్95 క్రమంగా వాడినవాళ్లలో 35.5 శాతం మంది మొటిమలో, దురదో, దద్దుర్లో ఏదో ఒకటి వచ్చిందన్నారు, అది 2006లోనే అచ్చయింది. తర్వాత 2020లో చైనాలోని హుబేలో కోవిడ్ డ్యూటీ చేసిన 542 మందిని అడిగితే 526 మందికి ఎక్కడో ఒకచోట చర్మం దెబ్బతింది, మాస్కులు, కళ్లద్దాలు, గ్లవ్స్, చేతులు కడగడం అన్నీ కలిపి అనుకోండి, కానీ అన్నిటికన్నా ఎక్కువమందికి దెబ్బతిన్న చోటు ముక్కు దూలమే. ఎన్95 ఆరు గంటలు దాటి పెట్టుకున్నవాళ్లకు మరీ ఎక్కువ. పద్నాలుగేళ్ల ముందే కాగితం మీదకెక్కిన విషయాన్ని చూసి 2020లో అందరం కొత్తగా ఆశ్చర్యపోయామన్నమాట.

ఆ అమ్మాయి తన తంటాలు తాను పడింది పాపం. మొదట మాస్కు కింద వ్యాజిలైన్ మందంగా పూసింది, దాంతో మాస్కు జారడం మొదలైంది, జారుతోందని ఇంకా బిగించింది. జిడ్డు ఉంటే మాస్కు అంచు సరిగ్గా అతకదు, ఇటు పుండు ఆగలేదు, అటు రక్షణా పోయింది. తర్వాత ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ రాసింది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే రెండు రోజుల్లో ఎరుపు తగ్గి అబ్బ బాగా పనిచేసింది అనిపిస్తుంది, అలా వారాల తరబడి రాస్తే తోలు పల్చబడుతుంది, మొటిమలు పెరుగుతాయి, ఆపితే మొహం భగ్గుమంటుంది. డాక్టర్ చెప్పకుండా అది మొహం మీదకు రానివ్వకూడదు, నర్సులం మనమే ఈ పని చేస్తే ఇక బయటవాళ్లకేం చెప్తాం.

నాకు తెలిసినంతలో పనికొచ్చింది ఇదీ: డ్యూటీకి కనీసం అరగంట ముందు వాసనలేని మాయిశ్చరైజర్ పల్చగా రాసి ఇంకనివ్వడం, మేకప్ లేకుండా రావడం, ముక్కు దూలం మీద పల్చటి సిలికాన్ టేపో హైడ్రోకొల్లాయిడ్ డ్రెస్సింగో (తేమను పీల్చుకునే మెత్తటి పట్టీ) అంటించడం. ఈ చివరిదాంట్లో ఒక మెలిక ఉంది. మందంగా ఏం పెట్టినా అంచుల్లోంచి గాలి లీకవుతుంది, కాబట్టి పెట్టుకున్న ప్రతిసారీ రెండు చేతులూ మాస్కు మీద ఆనించి గట్టిగా ఊది చూసుకోవాలి, వీలైతే ఆ టేపుతోనే ఫిట్ టెస్ట్, అంటే మాస్కు మొహానికి సరిగ్గా అతికిందా అని చూసే పరీక్ష, మళ్లీ చేయించుకోవాలి. తీసేటప్పుడు టేపును సర్రున లాగారంటే అదే తోలు ఊడదీస్తుంది, నెమ్మదిగా, తడిపి తీయాలి.

కొందరికి ఇది ఒత్తిడి కాదు, ఎలర్జీ. ఎలాస్టిక్‌లోని రబ్బరు రసాయనాలు, ముక్కు దగ్గర రేకులో ఉండే నికెల్, ఒక్కోసారి మాస్కు గుడ్డలోని ఫార్మాల్డిహైడ్ పడవు. ఎలాస్టిక్ తగిలిన చోట గీత గీసినట్టు దద్దుర్లు వచ్చి, సెలవులో తగ్గి, మళ్లీ అదే కంపెనీ మాస్కు పెట్టగానే తిరగబెడుతుంటే స్కిన్ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానమున్నవి తోలు మీద అంటించి ఏది పడదో చూసే పరీక్ష, చేయించుకోవాలి. క్రీములు మార్చుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

ఇంకోటి. ఎర్రబడిన చోట వేలితో నొక్కు, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే అని మాకు చదువులో చెప్తారు. ముదురు రంగు తోలు మీద ఆ ఎరుపు కనిపిస్తేగా! అక్కడ తడిమి చూడాలి, చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా, ముట్టుకుంటే నొప్పా అని. పుండు మానాక మిగిలే నల్ల మచ్చ కూడా ముదురు రంగువాళ్లకే ఎక్కువ, నెలలైనా పోదు. ఆ అమ్మాయిని ఎవరో "డ్యూటీకొచ్చి అందం గురించి ఏడుస్తావేంటి" అన్నారట. ఎందుకు ఏడవకూడదు? మొహం ఆమెది.

వ్యక్తిగతంగా చేసుకునే జాగ్రత్తలు ఇక్కడితో సరి, మిగతాది పైవాళ్ల చేతిలో ఉంది. స్టోర్‌లో ఒకే కంపెనీ, ఒకే సైజు మాస్కులు తెప్పించి సన్నమొహం, పెద్దమొహం అని లేకుండా అందరికీ అవే పంచుతున్నారు. చిన్నమొహం వాళ్లు లీకవ్వకుండా ఉండాలని ముక్కు రేకును చచ్చేట్టు నొక్కుతారు, పుండ్లు వాళ్లకే. తలమీద హుడ్ వేసి చేదుదో తియ్యదో స్ప్రే కొట్టి, రుచి తెలిసిందా లేదా అని చూసే ఫిట్ టెస్ట్ ఉంది కదా, అది రెండుమూడు రకాల మాస్కులతో చేస్తే ఎవరికి ఏది నప్పుతుందో తేలిపోతుంది. చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం, మాస్కు కరిస్తే మొహం మార్చుకోమంటారా?

రెండు గంటలకోసారి కాసేపు మాస్కు తీసి తోలుకు గాలి తగలనివ్వమని సలహాలైతే ఉన్నాయి. మాస్కు తీయాలంటే వార్డు బయటకు రావాలి, చేతులు కడుక్కోవాలి, మళ్లీ కొత్తది పెట్టుకోవాలి, ఆ పావుగంట నా పేషెంట్లను ఎవరు చూస్తారు? డ్యూటీ చార్ట్‌లో ఆ పావుగంటకు ఎదురుగా ఇంకో సిస్టర్ పేరు రాసి ఉంటే తప్ప ఎవరూ వెళ్లరు, "వీలున్నప్పుడు వెళ్లండి" అంటే వెళ్లొద్దనే.

ఈ ఉత్తరం చూపించి మాస్కులు వద్దనేవాళ్లు తయారవుతారని నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. మాస్కు లేకపోతే నేను ఈ ఉత్తరం రాయడానికి ఉండేదాన్నో కాదో. దురద పుట్టినప్పుడు తెలియకుండానే గ్లవ్ వేసిన చెయ్యి మొహం మీదకు పోతుంది, అందుకే తోలు బాగుండటం కూడా ఇన్ఫెక్షన్ కంట్రోల్ లెక్కలోకే రావాలంటున్నాను.

ఆ అమ్మాయికి వేరే రకం మాస్కు దొరికింది, పుండు మానింది, మచ్చ ఉంది. నేను నర్సింగ్ స్టేషన్‌లో ఒక పాత నోట్‌బుక్ పెట్టి తేదీ, ఏ మాస్కు, ఎన్ని గంటలు, ఎక్కడ దెబ్బ అని నాలుగు గళ్లు గీశాను. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ చూసి "ఇది ఎవరు రాయమన్నారు" అని కోప్పడ్డారు, తీసెయ్యమని మాత్రం అనలేదు. నిన్న తిరగేస్తే చివరి లైను ఆవిడ చేతిరాతే: కుడి చెవి వెనక, తొమ్మిది గంటలు.

ఇట్లు,
ఒక ఐసీయూ నర్సు