జనరేటరుకు చోటు ముందు, సోఫాకు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో మీరు వేసిన చిన్న మోటారు యాట్ ఫోటో చూశాను. తెల్లటి ఫైబర్ పడవ, పక్కన నీలం గీత, లోపల ఏసీ గది, వెనుక కుర్చీలు, పుట్టినరోజు బెలూన్లు. పాఠకులు బెలూన్లు చూసి ఉంటారు. నేను భూతద్దం తెచ్చుకుని మరీ చూసింది వెనుక మూలలో నిచ్చెన పక్కన నైలాన్ తాడుతో కట్టిన ఎర్రటి పెట్రోలు జనరేటరును. దాని పొగగొట్టం కుర్చీల వైపే తిరిగి ఉంది. కుర్చీలో ఒక పాప కేకు తింటోంది. ఆ పూట అన్నం సయించలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏడేళ్లు పడవ ఇంజిన్ల మీదే బతికాను. మొదట విశాఖ ఫిషింగ్ హార్బరులో ట్రాలర్లు, తర్వాత కాకినాడ, చివరి పదేళ్లు షికారు పడవలు. నేను పని చేసిన ట్రాలర్లలో ఈ తలనొప్పి లేదు. నాలుగు దీపాలకు, వైర్‌లెస్ సెట్టుకు పెద్ద ఇంజిన్ మీదున్న, దానితో పాటే తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే సరిపోయేది. షికారు పడవకు ఏసీ వచ్చింది, ఏసీ వెనుక ఫ్రిజ్ వచ్చింది, వాటి వెంట జనరేటరు వచ్చింది. అయితే అది ఎప్పుడూ చివరి చుట్టమే. యజమాని సోఫా, మంచం, అద్దాల తలుపు అన్నీ బిగించుకున్నాక నన్ను పిలిచి, "మేస్త్రిగారూ, దీన్ని ఎక్కడైనా సర్దేయండి" అనేవారు. ఎక్కడైనా అంటే ఖాళీ ఉన్న చోట. పడవలో ఒక చోటు ఖాళీగా ఉందంటే అక్కడ బరువు పెట్టకూడదనో, మనిషి చెయ్యి దూరదనో అర్థం.

ఆ మాట వినే నేనూ ఒకసారి తప్పు చేశాను. రొయ్యల చెరువుల యజమాని ఒకరు 34 అడుగుల పడవ కొన్నారు. ఒకటే డీజిల్ ఇంజిను. 5 కేవీఏ డీజిల్ జనరేటరు, శబ్దం తగ్గించే పెట్టెతో కలిపి 180 కిలోలు. దాన్ని వెనుక డెక్కు కింద, ఎడమ పక్కకు, నడుమ గీతకు దాదాపు మీటరు దూరంలో బిగించాను. అంటే అరవై కిలోల మనుషులు ముగ్గురు ఎప్పటికీ లేవకుండా ఎడమ పక్కనే కూర్చున్నట్టు. నీళ్లలోకి దింపగానే పడవ ఎడమకు ఒరిగింది, వెనుక భాగం కుంగింది. సరంగు కుడి పక్క రెండు ఇసుక బస్తాలు వేశాడు. లక్షలు పోసిన పడవలో ఇసుక బస్తాలు! అది నా చేతిపని అని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

సిగ్గుతో పోయేదైతే సరే. దాని పొగను నేను వెనుక పలక నుంచి బయటికి వదిలాను. మొదటి షికారుకు ఆ ఇంటి ఆడవాళ్లు, పిల్లలు తలనొప్పి, వాంతులతో దిగారు. "పడవ పడలేదు" అనుకుని నిమ్మకాయ వాసన చూపించారు. రెండోసారీ అదే. మూడోసారి అనుమానం వచ్చి నేనే వెనుక సీట్లో కూర్చున్నాను. ఆ రోజు సముద్రం చెరువులా ఉంది. అరగంటలో కణతలు అదరడం మొదలైంది. ముప్పై ఏళ్లు సముద్రం మీద తిరిగిన నాకు పడవ పడకపోవడం ఏమిటి? జనరేటరు ఆపించి, అందరినీ ముందు భాగానికి పంపాను.

ఎర్రబస్సు వెనుక అద్దానికి దుమ్ము ఎందుకు పట్టేస్తుందో మనకు తెలుసు. బండి ముందుకు పోతుంటే దాని వెనుక గాలి పలచబడి, దుమ్మును లోపలికి గుంజుకుంటుంది. పడవా అంతే. వెనుక వదిలిన పొగ వెనక్కి పోదు, క్యాబిన్ తలుపు తెరిచి ఉంటే తిరిగి మన ఒళ్లోకే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. డీజిల్ పొగలో ఇది తక్కువ, పెట్రోలు పొగలో చాలా ఎక్కువ. నా తప్పు డీజిల్‌తో జరిగింది కాబట్టి తలనొప్పులతో పోయింది. మీ ఫోటోలో ఉన్నది పెట్రోలుది.

మా మేనల్లుడు అమెరికాలో అరిజోనాలో ఉంటాడు. అక్కడ లేక్ పావెల్ అనే పెద్ద జలాశయం ఉంది, హౌస్‌బోట్లు తిరుగుతాయి. 2000 ఆగస్టులో అక్కడ 8 ఏళ్లు, 11 ఏళ్ల అన్నదమ్ములు ఇద్దరు హౌస్‌బోటు వెనుక ఈత కొడుతూ చనిపోయారు. ఈత రాక కాదు. జనరేటరు పొగ వెనుక మెట్టు కింద ఉన్న ఖాళీలోకి వదిలేలా ఆ బోటు కట్టారు, పిల్లలు ఆ గాలి పీల్చారు. ఆ తర్వాత అక్కడి కోస్ట్ గార్డు అలాంటి బోట్లను వెనక్కి పిలిపించి మార్పించింది. మేనల్లుడు ఫోనులో ఈ సంగతి చెప్పిన రాత్రి నాకు నిమ్మకాయ పట్టుకున్న ఆ పిల్లలే కళ్ల ముందు మెదిలారు.

రొయ్యల చెరువుల యజమాని మంచివారు, కోప్పడలేదు. ఆయన చేత సోఫా ఒకటి తీయించి, క్యాబిన్ నేల కింద, పెద్ద ఇంజిన్‌కు కాస్త ముందు, సరిగ్గా నడుమ గీత మీద జనరేటరుకు చోటు చేశాను. ప్లైవుడ్ నేల మీద బిగిస్తే గది మొత్తం మద్దెలలా మోగుతుంది. అందుకే పడవ అడుగున ముందు నుంచి వెనక దాకా పొడవునా పోయే దూలాల మీద, రబ్బరు దిమ్మలు వేసి కూర్చోబెట్టాను. ఇసుక బస్తాలు ఒడ్డుకు వెళ్లాయి.

ఈసారి బిగించక ముందు అట్టపెట్టె చేశాను. జనరేటరు కొలతలతో ఫ్రిజ్ అట్టలు కోసి అతికించి, నీటి పంపు, ఆయిల్ ఫిల్టరు, నూనె చూసే కడ్డీ ఎక్కడెక్కడ వస్తాయో పెన్నుతో గీసి, దాన్ని ఆ చోట పెట్టి చెయ్యి పోతుందో లేదో చూశాను. నవ్వినవాళ్లు నవ్వారు. మొదటి చోట నీటి పంపు గోడ వైపు తిరిగి ఉండేది. దాని లోపల నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, మార్చాలంటే పక్క మీద పడుకుని, అద్దం పెట్టి, ఎదురుగా కనపడని స్క్రూలు ఊడదీయాలి. ఒక స్క్రూ జారి పడవ అడుగున నిలిచిన నీళ్లలో పడితే ఆ పూట అయిపోయినట్టే. అంత కష్టమైన పని ఏ సరంగూ చేయడు. ఇంపెల్లర్ రెక్కలు తెగి, ముక్కలు చల్లబరిచే గొట్టాల్లో ఇరుక్కునే దాకా ఎవరికీ గుర్తు రాదు.

నీటి సంగతి ఇంకొకటి ఉంది. క్యాబిన్ కింద కూర్చున్న జనరేటరు నీటి మట్టానికి దిగువన ఉంటుంది. చల్లబరిచే సముద్రపు నీరు పొగలో కలిసి బయటికి పోతుంది కాబట్టి, ఇంజిన్ ఆగాక అదే నీరు తనంతట తాను లోపలికి పారే ప్రమాదం ఉంది. ఆ నీటి గొట్టాన్ని నీటి మట్టం కంటే ఒక అడుగు ఎత్తుకు వంకీలా లేపి, వంకీ తలన గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టాలి. ఉప్పు పేరుకుని ఆ వాల్వు మూసుకుపోతుంది, అప్పుడప్పుడు కడగాలి. స్టార్టు కాని జనరేటరును నీటి వాల్వు తెరిచి ఉంచి పదిసార్లు తిప్పిన సరంగును నాకు తెలుసు. ఇంజిన్ రగలలేదు, పంపు మాత్రం ప్రతిసారీ నీళ్లు తోడింది. బయటికి తోసే పొగ లేక ఆ నీళ్లు సైలెన్సరు నిండి సిలిండరులోకి ఎక్కాయి. మూడు వారాల పని. రెండు మూడుసార్లకు స్టార్టు కాకపోతే వాల్వు మూసి తిప్పాలి, రగలగానే తెరవాలి.

బ్యాటరీలు, ఇన్వర్టర్లు వచ్చేశాయి కదా అంటారు. రెండు గంటల షికారుకు అవి చాలు, శుభం. రాత్రంతా ఏసీ కావాలన్నవారికే ఈ బాధ.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో షికారు పడవ మునిగి అంతమంది పోయాక మనం లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. 2021లో లోపలి జలమార్గాల పడవలకు కొత్త చట్టం కూడా వచ్చింది. తనిఖీకి వచ్చే అధికారులు జాకెట్లు లెక్కపెట్టాక ఒక్క నిమిషం ఆగి, "జనరేటరు వేసి, తలుపు తెరిచి, వెనుక సీట్లో కూర్చుందాం రండి" అని యజమానిని పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. పడక గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని కూడా అడగాలి.

ఫోటోలోని పడవ ఎవరిదో నాకు తెలియదు. వారు ఈ ఉత్తరం చదివితే, మీ కార్యాలయం ద్వారా కబురు పెడితే నేను వస్తాను, కూలి అక్కర్లేదు. పొగ ఏ పక్కన వదలాలో తేల్చడానికి నా దగ్గర పాత పద్ధతి ఒకటుంది. అనుకున్న చోట అగరుబత్తుల కట్ట వెలిగించి పట్టుకుని, పడవను ఎదురు గాలికి ఒకసారి, పక్క గాలికి ఒకసారి, లంగరు వేసి ఒకసారి చూస్తే పొగ ఎటు పోతుందో కళ్లకే కనిపిస్తుంది. ఆ రొయ్యల పడవకు కుడి పక్క, నీటికి జానెడు ఎత్తున, క్యాబిన్ కిటికీలకు దూరంగా చోటు అలాగే తేలింది. అగరుబత్తులు నేనే తెచ్చుకుంటాను. నేను వచ్చేసరికి ఆ ఎర్ర జనరేటరును, దాని పెట్రోలు డబ్బాను మాత్రం ఒడ్డున దింపి ఉంచండి. అవి పడవలో ఉండగా నేను అగ్గిపుల్ల గీయను.

ఇట్లు,
విశ్రాంత పడవ ఇంజిన్ మెకానిక్,
జగన్నాథపురం, కాకినాడ