ఇంగ్లిష్ రాత: బట్టీ మాన్పించి రెండోసారి రాయించండి

సంపాదకులకు,

పదో తరగతి ఇంగ్లిష్‌లో ఉత్తరం, డైరీ, సంభాషణ లాంటివి పిల్లలు సొంతంగా రాయాలి. బళ్లలో వీటిని డిస్కోర్సులంటాం. సొంతంగా రాయాల్సినవాటికి కూడా గైడులోని నమూనాలు ఎక్కించి బట్టీ పట్టిస్తున్నాం. ప్రశ్నలో ఉత్తరం తండ్రికి బదులు తహసీల్దారుకు రాయమంటే చాలు, పిల్లల కలం ఆగిపోతోంది.

రాత నేర్పడానికి పిల్లలు కళ్లారా చూసిన పని ఇవ్వాలి. కోనసీమలో కొబ్బరి దింపు ఉంది, కాలువల మీద లాకులున్నాయి, ఆత్రేయపురం వైపు పూతరేకులున్నాయి. పూతరేకుల గురించి రాయమంటే మొదట వచ్చేది ‘ఇట్ ఈజ్ ఎ వెరీ ఫేమస్ స్వీట్, ఐ లైక్ ఇట్ వెరీ మచ్’. తప్పేమీ లేదు, విషయమూ లేదు. అప్పుడు అడగాలి: కుండ ఎలా పెడతారు? పిండిలో ముంచిన గుడ్డను ఎటు లాగుతారు? పిండి చిక్కనైతే రేకు ఏమవుతుంది? మడిచేముందు రేకుకు తడి ఎందుకు? జవాబులు ముందు తెలుగులోనే చెప్పనివ్వండి. వాటికి కావలసిన ఇంగ్లిష్ క్రియలు ఏడెనిమిది బోర్డు మీద రాసిపెట్టండి: డిప్, స్ప్రెడ్, పీల్, ఫోల్డ్ లాంటివి. తర్వాత మళ్లీ రాయించండి. ఆ రెండో ప్రతిలో బోర్లించిన కుండ, కింద మంట, గుడ్డ తగలగానే తేలే రేకు వాక్యాలుగా వస్తాయి.

దిద్దడంలోనే అసలు చిక్కు. 45 మంది పుస్తకాల్లో ప్రతి తప్పునూ దిద్దితే ఒక్కోదానికి 4 నిమిషాల లెక్కన 3 గంటలు. అంత ఎర్ర సిరా చూసిన పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తారు. ఒకసారికి ఒక్క రకం తప్పే చూడండి. ఒక వారం కాలాలు, మరో వారం ‘ఎ, ఎన్, ద’. తప్పున్న వాక్యం కింద గీత గీసి వదిలేస్తే సరిచేసుకోవడం పిల్లల పని. నిమిషానికో పుస్తకం అవుతుంది.

ఈ తప్పులు చాలావరకు తెలుగు వాక్యంలోంచే వస్తాయి. ‘నిన్న వచ్చాడు’, ‘ఇప్పుడే వచ్చాడు’ రెండింటికీ మనకు ఒకటే క్రియ. అందుకే ‘హి హ్యాజ్ కమ్ యెస్టర్‌డే’ అని రాస్తారు. ‘నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు’ అన్నది ‘టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్’ అవుతుంది. కారణం చెప్పకుండా కొట్టేస్తే మరుసటి వారం అదే తప్పు మళ్లీ వస్తుంది. రెండు భాషల వాక్యాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే పిల్లలే పట్టేస్తారు.

సాహిత్య పాఠాల సంగతి ఇంకా దిగులు. పద్యం లైనుకో తెలుగు అర్థం చెప్పి సారాంశం డిక్టేట్ చేస్తే అక్కడితో పాఠం అయిపోయినట్టే. ముందు ఆపకుండా ఒకసారి పైకి చదవండి. తర్వాత అడగాల్సినవి మూడే: నీకేమనిపించింది, ఏ లైను చూసి, ఆ లైనులో ఏ మాట వల్ల? మూడో ప్రశ్న దగ్గర పిల్లలు తడబడతారు, తొందరపడి జవాబు అందించకండి. శతక పద్యాల మకుటం నోటికొచ్చిన పిల్లలు ఇంగ్లిష్ పద్యంలో తిరిగి తిరిగి వచ్చే లైనును ఇట్టే గుర్తుపడతారు. ఆ చెవి వాళ్లకు ముందే ఉంది, మనం వాడుకోవడం లేదు.

ప్రధానోపాధ్యాయులకు మా విన్నపం: వారంలో ఒకరోజు ఇంగ్లిష్‌కు వరుసగా రెండు పీరియడ్లు ఇవ్వండి. మొదటి ప్రతి, మాట్లాడుకోవడం, రెండో ప్రతి ఒక్క పీరియడ్‌లో పట్టవు. తనిఖీకి వచ్చే అధికారులు కూడా నోటు పుస్తకం ఎన్ని పేజీలు నిండిందో లెక్కపెట్టకుండా, మొదటి ప్రతినీ రెండో ప్రతినీ పక్కపక్కన పెట్టి చూడాలని కోరుతున్నాం.

— కొందరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, కోనసీమ