దుకాణంలో చూసిన టీవీ బొమ్మ ఇంటికి రావడం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

32 అంగుళాలు దాటిన టీవీల మీద 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పటి నుంచి మా కమలానగర్‌లో రెండు రోజులకొకరు పెద్ద టీవీ కొంటున్నారు. కొనబోయే ముందు కొందరు నా దగ్గరికి వచ్చి ఏది కొనమంటారని అడుగుతారు. కొన్నాక కూడా వస్తారు, 'దుకాణంలో అంత బాగున్న బొమ్మ ఇంట్లో ఇలా ఉందేమిటండీ' అంటూ. ఈ ఉత్తరం ఆ రెండో ప్రశ్న గురించి.

నేను 1983లో మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో, టీవీ విభాగంలో చేరాను. అంతకు ముందు ఏడాదే, ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన 1982లో, దేశంలో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. మా సంస్థ చేసిన ఈసీటీవీ మన ఊరి టీవీ అని జనం గర్వంగా చెప్పుకున్న రోజులవి. ప్రతి సెట్టునూ అట్టపెట్టెలో పెట్టే ముందు రంగుల పట్టీలు వేసి చూసేవాళ్లం. ఆ తర్వాత మనిషి ముఖం చూసేవాళ్లం. ముఖం రంగు సహజంగా ఉంటే తక్కినవి వాటంతట అవే కుదురుతాయని మా సీనియర్ ఒకాయన నేర్పించారు. ఇవాళ్టికీ కొత్త టీవీ ముందు నిలబడితే నా కళ్లు మొదట ముఖాన్నే వెతుకుతాయి.

మొన్న దసరా ముందు మా ఇంటి కోసం నేనూ మా ఆవిడా ఒక పెద్ద షోరూముకు వెళ్లాం. గోడ నిండా టీవీలు. అన్నింటిలోనూ రామచిలుకలు, జలపాతాలు, పూలతోటలు. ఒక్క మనిషి ముఖం లేదు. ఒక తెలుగు వార్తల ఛానల్ పెట్టి చూపించమని అక్కడి కుర్రవాణ్ణి అడిగాను. కనెక్షన్ లేదన్నాడు. పోనీ పిక్చర్ మోడ్ మార్చమంటే రిమోట్ తమ దగ్గర ఉండదన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి చెప్పిన పని అతను చేస్తున్నాడు. కానీ అరవై వేలు పెట్టే మనిషికి, తను రోజూ చూడబోయే దాన్ని ఒక్కసారి చూపించలేకపోవడం అన్యాయం.

అక్కడ జరిగేది ఇది. దుకాణంలోని ట్యూబులైట్ల వెలుగును తట్టుకోవడానికి టీవీని స్టోర్ మోడ్‌లో పెడతారు. వెలుగు, రంగు రెండూ బాగా పెంచేస్తారు. తెరకు వచ్చేది పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలైన ఫోర్‌కే బొమ్మ. అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలు. మన ఇళ్లలో చాలామందికి కేబుల్‌లో ఇంకా వచ్చేది మామూలు ఎస్‌డీ, 720 అడ్డం, 576 నిలువు. లెక్క వేస్తే నాలుగు లక్షల పదిహేను వేల చుక్కలు కూడా లేవు. వచ్చిన ప్రతి చుక్కనూ టీవీ ఇరవై చుక్కలుగా సాగదీసి తెర నింపాలి. తెర ఎంత పెద్దదైతే ఆ సాగదీత అంత బాగా కనబడుతుంది.

నాచారంలో మా బావమరిది ఇంట్లో చూశాను. 65 అంగుళాల టీవీ కొన్నాడు. సీరియల్‌లో ముఖాలు మైనం కరిగినట్టున్నాయి, కింద పరుగెత్తే వార్తల అక్షరాల అంచులు పళ్లు పళ్లుగా ఉన్నాయి. టీవీ పాడైందని మార్చమని దుకాణంతో వారం రోజులు గొడవపడ్డాడు. వెనక్కి తిప్పి చూస్తే పాత ఎస్‌డీ సెట్‌టాప్ పెట్టె, దాని నుంచి పసుపు, తెలుపు, ఎరుపు మూడు పిన్నుల తీగ. నేను ఎస్‌డీ కన్నా ఎక్కువ చుక్కలిచ్చే హెచ్‌డీ పెట్టె తెప్పించి హెచ్‌డీఎంఐ తీగతో కలిపి, మోడ్‌ను సినిమాకు మార్చాను. వాడు చూసే రెండు ఛానళ్లు మాత్రం హెచ్‌డీలో తీసుకోమన్నాను. అదే టీవీ మనిషి ముఖాన్ని మనిషి ముఖంలా చూపించింది. అమ్మేవాళ్లలో ఒక్కరైనా 'మీ ఇంట్లో ఏ పెట్టె ఉంది' అని అడిగి ఉంటే ఆ వారం గొడవ ఉండేది కాదు.

సైజు సంగతి కూడా ఇంతే. మా హాల్లో సోఫా నుంచి గోడకు తొమ్మిదడుగులు. హెచ్‌డీ వస్తే ఆ దూరానికి 65 అంగుళాలు కూడా ఎక్కువేమీ కాదు. ఎస్‌డీ మాత్రమే వచ్చే ఇంటికి అదే దూరంలో 43 చాలని నా అభిప్రాయం. ఇక ఎయిట్‌కే కొనమని చెప్పేవారి మాట నేను ఒప్పుకోను. 55 అంగుళాల తెర మీద ఫోర్‌కేలోని సన్నదనమంతా కంటికి అందాలంటేనే నాలుగడుగుల లోపు కూర్చోవాలి. ఏడడుగులు దాటితే దానికీ ఫుల్ హెచ్‌డీకీ తేడా పట్టుకోవడం మామూలు చూపుకు కష్టం. అంతకన్నా సన్నటి చుక్కలకు డబ్బు పోయడం ఎందుకు?

అంగుళాలన్నీ మూల నుంచి మూలకు కొలిచినవి. గోడకు కావలసింది వెడల్పు. మా ఇంట్లో బీరువాకూ కిటికీకీ మధ్య ఉన్నది 130 సెంటీమీటర్లు. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122, 65 అంగుళాలదైతే 144. నేను టేపు పట్టుకొని వెళ్లాను కాబట్టి తెలిసింది. పండుగకు మీ పత్రికలో నిండు పేజీ ప్రకటనలు వస్తాయి. వాటిలో అంగుళాల పక్కన వెడల్పు కూడా వేయమని మీరు ప్రకటనదారులను అడగగలరా?

చివరికి కోఠి గుజరాతీ గల్లీలో ఒక చిన్న దుకాణంలో కొన్నాం. యజమాని పెద్దాయన. అడగగానే లోపలి నుంచి సెట్‌టాప్ బాక్స్ తీగ లాగి, తెలుగు వార్తలు ముందు ఎస్‌డీలోనూ తర్వాత హెచ్‌డీలోనూ పెట్టి, రిమోట్ నా చేతికిచ్చారు. మా ఆవిడకు ఈ మధ్యే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆమె తొమ్మిదడుగులు వెనక్కి నడిచి నిలబడి, కింద వెళ్తున్న అక్షరాలు పైకి చదివింది. యాంకర్ ముఖం నేను చూశాను. 55 అంగుళాలది తీసుకున్నాం.

ఆయన తీగ మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు. పెద్ద షోరూముల వారిని నేను కోరేది కూడా ఆ రెండు నిమిషాలే. టీవీల వరుసలో ఒక మామూలు కేబుల్ కనెక్షన్ ఉంచండి, అడిగినవారికి స్టోర్ మోడ్ తీసేసి చూపించండి. రానున్న పండుగ అమ్మకాలకు ముందే మీ పత్రిక ఈ మాట వారి చెవిన వేస్తే మా కాలనీ వాళ్లే కాదు, నగరంలో చాలామంది మీకు కృతజ్ఞులై ఉంటారు.

ఇట్లు,
ఈసీఐఎల్ విశ్రాంత ఉద్యోగి,
కమలానగర్, హైదరాబాద్