డబ్బా మూత తీసి చూశాకే చీటీ రాయి

కావలి,
ఫిబ్రవరి 9.

చి.ల.సౌ. సుజాతకు నాన్న ఆశీస్సులు.

మొన్న నెల సరుకుల బిల్లు చూస్తే టెన్షన్ వస్తోందన్నావు. ఫోన్లో చెప్తే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. కిరాణా కొట్లో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చీటీలు చూసి సరుకులు కట్టినవాణ్ణి. ఈ విషయంలో నా మాట విను తల్లీ.

ఎక్కువ మంది చీటీ గుర్తున్నంత మటుకే రాసుకొచ్చేవాళ్లు. ఇంట్లో రెండు కేజీల మినప్పప్పు ఉండగానే ఇంకో రెండు రాసేవాళ్లు. మీ అమ్మ అలా కాదు. ముందు డబ్బాలన్నీ మూతలు తీసి చూసేది. తర్వాత వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో వారం వంటలు రాసేది. గోంగూర, తోటకూర సోమ, మంగళవారాల్లో. దోసకాయ మధ్యలో. కంద, గుమ్మడి వారం చివర, అవి ఆగుతాయి గనక. దోసెల పిండి ఒకసారి రుబ్బితే మొదట ఇడ్లీ, తర్వాత దోసెలు, పులిశాక పునుగులు. ఆదివారం చేపల పులుసు పెడితే సోమవారం పొద్దుటికీ సరిపోయేది, మర్నాటికే దాని రుచి అని నీకు తెలుసుగా. ఇదంతా అయ్యాకే చీటీ. నువ్వేమో ముందు కూరగాయలు సంచినిండా తెచ్చి, తర్వాత ఏం వండాలా అని ఫ్రిజ్ ముందు నిలబడుతున్నావు. గురువారానికి ఆకుకూర కుళ్లిపోతే బయటి నుంచి తెప్పించుకుంటున్నారు. నీ డబ్బు పోతున్నది అక్కడే.

ప్యాకెట్ మీద బరువు చూడు. పోయిన నెల నేనే చూడక నష్టపోయాను. లీటరు ధరకంటే తక్కువుందని నూనె ప్యాకెట్లు నాలుగు తెచ్చా. ఇంటికొచ్చి చదివితే 800 గ్రాములు! లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ సైజు మాత్రం చూడటానికి ఒకటే. ఎమ్మార్పీ పక్కన గ్రాముకు ఇంత అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి అది పోల్చుకో. నేనది చూసుంటే తెచ్చేవాణ్ణి కాదు.

కాలాన్ని బట్టి కొనాల్సినవి కొన్నే. కొత్త కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి ఇప్పుడు వస్తాయి. నిమ్మకాయలు మాత్రం వేసవిలో ముట్టుకోలేం, నిమ్మకాయల మార్కెట్ ఉన్న గూడూరు మనకు పక్కనే ఉన్నా సరే. వానలు పడి ధర దిగాక కొని ఊరగాయ పెట్టుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, చేపల ధర మండిపోతుంది. ఆ రెండు నెలలు చెరువు చేపలో, ముందే కొని దాచిన ఎండుచేపలో చాలు.

అలాగని చౌక కదా అని ఎక్కువ తెచ్చిపెట్టుకోకు. నువ్వు మూడో క్లాసులో ఉన్నప్పుడు ఒక బస్తా, 25 కేజీల కందిపప్పు తెచ్చాను. వానాకాలం రాగానే పురుగు పట్టింది. మీ అమ్మ చాటలో చెరుగుతూ ఒక్క మాటా అనలేదు. మూడో వంతు పారబోశాం. ఆ నెల నీ స్కూలు ఫీజు ఆలస్యమైంది, అది ఇప్పటికీ నాకు బాధే. మీ ఇద్దరికీ వారంలో నాలుగు రోజులు పప్పనుకుంటే నెలకు రెండు కేజీలు కూడా పట్టదు. ఆరు కేజీలు తీసుకో, మూడు నెలలు దాటిపోతుంది. రవ్వంత ఆముదం పట్టించి, ఎండలో ఆరబెట్టి, తడి లేని డబ్బాలో పోసిపెట్టు.

ఆ ఆరు కేజీలూ ఇప్పుడు కొనకు. కనిగిరి వైపు నుంచి కొత్త పప్పు తెప్పించాను, వచ్చే ఆదివారం నెల్లూరు తెస్తాం. అద్దె ఇంట్లో తలుపు మీద రాయనివ్వరని మీ అమ్మ నీ చిన్నప్పటి పలక కడిగి పెట్టింది. మేమొచ్చేలోపు డబ్బాలన్నీ చూసి ఉంచు.

మీ నాన్న