క్వారంటైన్ ట్యాంక్‌లో విడిగా ఉంచిన ఉప్పునీటి చేపకు తెల్లమచ్చలా? కాపర్ (రాగి మందు) పోసే ముందు చదవండి

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 10కి చెన్నై కొళత్తూరులో కలుద్దాం. మచ్చలు తగ్గని చేపలున్నవాళ్లు ఒక్కో రోజు తేడాతో తీసిన మూడు ఫొటోలు శనివారం రాత్రికల్లా ఇక్కడ పెట్టండి.

మచ్చ అదేచోట గడ్డకట్టి ఉంటే లింఫోసిస్టిస్ కావచ్చు. అది వైరస్, కాపర్ దండగ. మంచి తిండి, శుభ్రమైన నీళ్లు చాలు.

ఉప్పు రవ్వంత చుక్కలు రాలిపోయి, కొన్నాళ్లకు వేరేచోట తేలితే అది ఇక్ అనే పరాన్నజీవి జబ్బు.

ఒంటిమీద సన్నటి పొడి, పైగా ఆయాసం... అది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు! ఆదివారం దాకా ఆగకండి, వెంటనే చెప్పండి.

ఇక్‌కి కీలేటెడ్ కాపర్ (నీళ్లలో నిలకడగా ఉండేలా వేరే పదార్థంతో బంధించిన రాగి) అయితే 2.0–2.5 పీపీఎం (లీటరుకు అన్ని మి.గ్రా.). రెండుమూడు రోజుల్లో మెల్లగా పెంచి, 30 రోజులు దించకుండా ఉంచాలి. రాళ్లు, ఇసుక కాపర్‌ను పీల్చేస్తాయి. మోతాదు పడిపోయి మచ్చలు తిరిగొచ్చేది అందుకే. వాటి బదులు చేపలు దాక్కోడానికి పీవీసీ పైపు ముక్కలు వేయండి.

వచ్చేటప్పుడు సీసాలో 100 మి.లీ. ట్యాంక్ నీళ్లు, మీ కాపర్ టెస్ట్ కిట్ మరవకండి. కాపర్ తగిలిన వల, బకెట్ మాత్రం పగడాల ట్యాంక్‌లో ముంచొద్దు బాబూ!