ఆన్‌లైన్ సీబీటీలో చేరమంటావా అని అడిగావు

హైదరాబాదు

ప్రియమైన మిత్రునికి,

నీ వాయిస్ మెసేజి విన్నాను. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి సోమవారం గుర్తుకొచ్చి ఒళ్ళంతా బరువెక్కుతోందని, బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ ముసలాయనను చూసినా విసుగు వస్తోందని, ఎవరో ఆన్‌లైన్‌లో సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, చేతలను మార్చుకునే మానసిక చికిత్స) కోర్సు ఉందన్నారని, చేరమంటావా అని అడిగావు. ఫోనులో చెప్పబోతే నువ్వు మధ్యలో క్రికెట్టు సంగతి ఎత్తుతావు కనుక తీరిగ్గా ఉత్తరమే రాస్తున్నాను. చేరమనే అంటాను. అయితే కంటికి కనిపించిన మొదటి యాప్‌లో కాదు, ఆ కోర్సు నీ బ్రాంచి టార్గెట్లను తగ్గిస్తుందన్న ఆశతో అసలే కాదు.

నువ్వు చెప్పినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అలసట కాదు, ఆ ముసలాయన మీద విసుగు. పెన్షను పడిందో లేదో చూసుకోవడానికి వచ్చినవాళ్ళను కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లల యోగక్షేమాలు కూడా అడిగే మనిషివి నువ్వు. బర్నౌట్, అంటే పని ఒత్తిడితో మనిషి లోలోపల ఎండిపోవడం గురించి రాసినవాళ్ళు మొదటినుంచీ పట్టి చూపింది సరిగ్గా ఈ మార్పునే. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసే స్వచ్ఛంద సేవకులను చూసి దీని గురించి రాశాడు. సేవ చేయాలన్న ఉత్సాహంతో వచ్చినవాళ్ళే కొన్నాళ్ళకు ఎండిపోయి, రోగులను చూస్తేనే చిరాకు పడే స్థితికి రావడం ఆయన గమనించాడు. తరువాత క్రిస్టీనా మాస్లాక్ దీన్ని కొలవడానికి 1981లో ఒక ప్రశ్నావళి ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణ పట్టికలో కూడా ఆ ప్రశ్నావళి కొలిచిన మూడు లక్షణాల వంటివే కనిపిస్తాయి: శక్తి అంతా హరించుకుపోవడం, పని మీద మనసు విరగడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నాననిపించడం. ఆ సంస్థ దీన్ని జబ్బుగా లెక్కగట్టలేదు. పనిచేసే చోట చాలాకాలంగా పేరుకుపోయి, ఎవరూ సరిదిద్దని ఒత్తిడి ఫలితం అన్నది. అందుచేత లోపమంతా నీ మనోబలంలోనే ఉందని ఎవరైనా అంటే నమ్మకు, వాళ్ళు మీ జోనల్ ఆఫీసువాళ్ళైనా సరే.

కోర్సుకు ముందు ఒకసారి డాక్టరును కలిసి థైరాయిడ్, రక్తహీనత, షుగరు పరీక్షలు చేయించుకో, ఎందుకంటే ఆ మూడూ ఇలాంటి నీరసాన్నే తెచ్చిపెడతాయి. నువ్వు గురకపెడతావని చెల్లెమ్మ ఎప్పుడూ అంటుంది కదా, ఆ మాటా డాక్టరు చెవిన వెయ్యి. ఇంకొక్క సంగతి దాచకుండా అడుగుతున్నాను. బతకడం దేనికన్న ఆలోచన ఏ రాత్రి అయినా వచ్చిందా? వచ్చి ఉంటే ఈ కోర్సుల ఊసు పక్కనపెట్టి నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళు, ఆ రాత్రే అయితే 14416కు ఫోను చెయ్యి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు అడగరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక సీబీటీ. 1960లలో ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్ అనే సైకియాట్రిస్టు, కుంగుబాటుతో ఉన్నవారి మనసులో మెరుపులా వచ్చిపోయే ఆలోచనలను గమనించడం మొదలుపెట్టాడు. వాటిని పట్టుకుని పరీక్షకు పెట్టడం, దానికి తగ్గట్టు చేతలను కొద్దికొద్దిగా మార్చుకోవడం ఈ పద్ధతికి పునాది. అంతా మంచే అనుకోమని బోధించే వ్యవహారం కాదిది. నీకు అర్థమయ్యేలా మీ వాట్సాప్ గ్రూపు సంగతే తీసుకుంటాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఇన్సూరెన్సు పాలసీల్లో "జీరో" ఉన్న బ్రాంచీల జాబితా ఎర్ర రంగులో పెడతారని, అందులో మీ బ్రాంచి పేరు కనబడితే కంచం ముందు నుంచి లేచిపోతానని అన్నావు. కోర్సులో నీకొక పట్టిక ఇస్తారు. మొదటి గడిలో జరిగింది మాత్రమే రాయాలి: "జాబితా వచ్చింది, మా బ్రాంచి ఉంది." రెండో గడిలో ఆ క్షణాన మనసులో మెదిలిన మాట: "రేపు రివ్యూలో అందరి ముందూ పరువు పోతుంది, నేనీ కుర్చీకి పనికిరాను." మూడో గడిలో భయం నూటికి ఎంత, సిగ్గు ఎంత, ఎనభై, డెబ్భై అనుకుందాం. ఆ తరువాత నువ్వు చేసిన పని: అన్నం వదిలేసి, అర్ధరాత్రి దాకా స్టాఫుకు మెసేజిలు పంపడం.

అసలు పని ఇక్కడినుంచి మొదలవుతుంది. ఆ మాటకు రుజువులు ఒక పక్క, వ్యతిరేకంగా ఉన్నవి మరొక పక్క రాయమంటారు. రేపు కోప్పడతారన్నది నిజమే, దాన్ని కొట్టిపారేయనక్కరలేదు. పనికిరానన్నదానికి మాత్రం ఒక్క వారం పాలసీల లెక్క తప్ప రుజువు దొరకదు. మొండిబకాయిల వసూలు, ఆడిటు నివేదిక, నిన్ను చూసే డిపాజిట్లు వేసే రైతులు అవతలి పక్క నిలబడతారు. చివరికి నువ్వు రాసే వాక్యం "ఈ వారం పాలసీల్లో వెనకబడ్డాను, రేపు మాట పడతాను, బాధగానే ఉంటుంది, అయినా నా ఉద్యోగమంతా ఆ ఒక్క అంకె కాదు" అన్నట్టుగా ఉంటుంది. భయం ఎనభై నుంచి యాభైకి దిగితే చాలు, సున్నా కావాలని ఎవరూ కోరరు. ఆ యాభైతో అన్నం తినవచ్చు.

చేతల వైపు కూడా ఇలాంటి పరీక్షలే ఉంటాయి. రాత్రి తొమ్మిది దాటాక ఫోను హాల్లో పెట్టి పడుకుంటే ఏమవుతుందని భయపడుతున్నావో ముందే రాసి పెట్టుకుని, మరునాడు నిజంగా ఏమైందో దాని పక్కనే రాయాలి. నేను పోయిన ఏడాది ఇలాంటి కోర్సు చేసినప్పుడు నాకు ఎక్కువ మేలు చేసింది ఈ భాగమే. నిద్ర సంగతి కూడా చూస్తారు: ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవడం, నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే చోట కూర్చోవడం, పక్క మీద లాప్‌టాప్ తెరవకపోవడం. వినడానికి సులువుగా ఉంటాయి కాని మొదటి వారాల్లో ప్రాణం విసుగెత్తిపోతుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

ఇదంతా తెర మీద జరిగితే పనిచేస్తుందా అన్నది నీ అసలు అనుమానం. ఈ విషయంలో స్వీడన్‌వాళ్ళు చాలా ముందున్నారు. అక్కడ గెర్హార్డ్ ఆండర్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1990ల చివరినుంచే ఇంటర్నెట్ ద్వారా చికిత్సను పరీక్షిస్తున్నారు. ఒత్తిడితో పూర్తిగా నీరసించిపోయిన స్థితిని ఆ దేశం 2005 నుంచి వైద్యపరమైన రోగనిర్ధారణగానే గుర్తించింది. అక్కడే, దీర్ఘకాలిక ఒత్తిడితో బాధపడుతున్న 100 మంది మీద చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 12 వారాల ఇంటర్నెట్ సీబీటీ చేసినవారికి, చికిత్స కోసం వేచి ఉన్నవారికన్నా ఒత్తిడి బాగా తగ్గింది. అయితే అక్కడ పాఠాలు చదివి వదిలేయడం ఉండదు. రాసిన పట్టికలను ఒక సైకాలజిస్టు చదివి జవాబు రాస్తారు. మనిషి తోడు ఉన్న కోర్సులు, తోడు లేనివాటికన్నా మెరుగ్గా పనిచేస్తాయన్నది ఈ రంగంలో పదేపదే తేలిన విషయం. నా అనుభవమూ అదే. "రుజువు" గడిలో నేను పేజీ నిండా రాసి పంపితే, నా కోర్సు చూసే సైకాలజిస్టు "ఇవన్నీ మీ భయాలు, ఇందులో జరిగిన సంఘటన ఒక్కటీ లేదు, మళ్ళీ రాయండి" అని రెండు ముక్కల్లో తిప్పి పంపారు. ఏ చాట్‌బాటూ నన్ను అలా నిలదీయలేదు. ఏం రాసినా "మీ బాధ నాకు అర్థమైంది" అంటూ తలూపేది.

మరొక అధ్యయనం నీకు తప్పక చెప్పాలి. నెదర్లాండ్స్‌లో కుంగుబాటు, ఆందోళన వంటి మానసిక సమస్యలవల్ల సెలవులో ఉన్న ఉద్యోగులను రెండు జట్లుగా చూశారు. ఒక జట్టుకు మామూలు సీబీటీ ఇచ్చారు. రెండో జట్టుకు మొదటినుంచీ ఉద్యోగం సంగతిని మధ్యలో పెట్టి, ఏ పని ఎప్పుడు ఎంత మోతాదులో తిరిగి మొదలుపెట్టాలో, పైవారితో ఏం మాట్లాడాలో కూడా చికిత్సలో భాగంగా చూశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో మనసు నెమ్మదించడం ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది, కాని రెండో జట్టువాళ్ళు సుమారు రెండు నెలలు ముందుగా పూర్తిస్థాయి ఉద్యోగంలోకి రాగలిగారు. కాబట్టి చేరేముందు ఒక ప్రశ్న తప్పక అడుగు: నా పనివేళలు, నా టార్గెట్లు, మా పైఅధికారితో నా సంభాషణ, ఇవి మీ కోర్సులో ఎక్కడ వస్తాయి? శ్వాస పాఠాలు, వాన చప్పుడు ఆడియోలు చూపిస్తే దండం పెట్టి వచ్చేయ్. నా లెక్క ప్రకారం నీకు సగం మందు ఆ పట్టికలో ఉంది. తక్కిన సగం, క్లర్కు పోస్టు ఖాళీగా ఉందని, ఇద్దరి పని నువ్వొక్కడివే చేస్తున్నావని రాతపూర్వకంగా పైకి పంపడంలో ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఉత్తరం రాయకుండా నిన్ను ఆపిన ఆలోచన ఏమిటో, మొదటి పట్టికలోనే పెట్టు.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదయ్యారో లేదో చూడు, నంబరు అడగడానికి మొహమాటపడకు. తెలుగు వచ్చినవారైతే మేలు, ఎందుకంటే రాత్రిపూట మనల్ని మనం తిట్టుకునేది ఇంగ్లీషులో కాదు. బ్యాంకు కంప్యూటరులో మాత్రం ఒక్క పట్టిక కూడా తెరవకు, ఖాతాదారుల పేర్లు ఎక్కడా రాయకు. రెండో శనివారం మీకు సెలవే కనుక వీడియో కాల్ ఆ ఉదయానికి పెట్టించుకో. ఆ గంటసేపు పిల్లలను తీసుకుని బయటికి వెళ్ళమని చెల్లెమ్మకు ముందే చెప్పు. రక్తపరీక్షల రిపోర్టులు రాగానే నాకు ఫోటో తీసి పంపు, కోర్సు వివరాలు కూడా జతచెయ్యి, చదివి నా అభిప్రాయం చెప్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు